ఎంఓటీ పాసైంది బైకా, యజమానా?

"యమహా ఆర్6 మంచిదా, హోండా సీబీఆర్600ఆర్ఆర్ మంచిదా? ఏది ఎంఓటీలో తక్కువ ఫెయిలవుతుందన్నా?" బ్రిటన్‌లో ఉద్యోగం కుదిరి, చేతిలో నాలుగు డబ్బులు మిగలడం మొదలయ్యాక మన కుర్రాళ్ళు సీనియర్లను అడిగే ప్రశ్న ఇలాగే ఉంటుంది. ఎంఓటీ అంటే అక్కడ బండి రోడ్డుకు పనికొస్తుందా లేదా అని చూసే తప్పనిసరి పరీక్ష. ఇంజనీరింగ్ చదివినవాళ్ళు కదా, అంకె చెబితేగానీ నమ్మరు. అంకెలూ ఉన్నాయి, చెబుతాను. కానీ ఈ అధ్యాయంలో నేను చెప్పదలచుకున్న మాట ఒక్కటే. ఎంఓటీ ఫలితం బైకు కంపెనీ గురించి చెప్పేది తక్కువ, ఆ బైకును ఉంచుకున్న మనిషి గురించి చెప్పేది ఎక్కువ. కొనేటప్పుడు ఆ మనిషి ఇంకొకరు. కొన్నాక ఆ మనిషి మీరే.

ఇంటి దగ్గర మనకున్న అలవాటు వేరు. బండి కొంటాం, లైఫ్ ట్యాక్స్ కడతాం, ఆర్సీ పదిహేనేళ్ళకు వస్తుంది. మధ్యలో పోలీసులు ఆపితే చూపించడానికి పొల్యూషన్ సర్టిఫికెట్ ఒకటి తీయించుకుంటాం. బ్రేకు పడుతోందా, టైరు అరిగిందా అని ఆ పదిహేనేళ్ళలో ఎవరూ పిలిచి అడగరు. బ్రిటన్‌లో దీనికి సరిగ్గా తలకిందులు. అక్కడ బైకుల ఎంఓటీలో పొగ కొలవరు, మిగతావి మాత్రం వరసపెట్టి చూస్తారు. 1960లో ఎర్నెస్ట్ మార్పుల్స్ రవాణా మంత్రిగా ఉన్నప్పుడు ఈ పరీక్ష మొదలైంది. అప్పుడు పదేళ్ళు దాటిన వాహనాలకే. 1967 కల్లా ఆ గడువు మూడేళ్ళకు దిగింది. ఇప్పుడూ అంతే: కొత్త బైకు రిజిస్టరైన మూడేళ్ళకు మొదటి పరీక్ష, ఆపైన ఏటా ఒకటి. ఉత్తర ఐర్లండులో మాత్రం మొదటిది నాలుగేళ్ళకు. బైకుకు గరిష్ఠ ఫీజు 29.65 పౌండ్లు, కారుకు 54.85. గడువు దాటిన బండి రోడ్డెక్కితే వెయ్యి పౌండ్ల దాకా జరిమానా పడొచ్చు. ముందే బుక్ చేసుకున్న పరీక్షకు నడుపుకుంటూ వెళ్ళడానికి మాత్రం మినహాయింపు ఉంది.

ఇక అంకెలు. ఈ పరీక్షలను పర్యవేక్షించే డీవీఎస్ఏ ఫలితాలను బయటపెడుతుంది. మొదటి ప్రయత్నంలో ఫెయిలయ్యే బైకులు నూటికి ఇరవై లోపే. కార్లయితే ముప్పై దరిదాపుల్లో ఉంటాయి. అంటే బైకులు కార్ల కంటే గట్టివా? కాదు. కారు వానకూ మంచుకూ బయటే పడి ఉంటుంది, రోజూ ఆఫీసుకూ బడికీ తిరుగుతుంది. బైకు, అందులోనూ స్పోర్ట్స్ బైకు, ఎండ కాసిన ఆదివారాల బండి. శీతాకాలం వస్తే రోడ్డు మీద తిప్పడం లేదని ప్రభుత్వానికి చెప్పి గ్యారేజీలో పెట్టేస్తారు. ఏడాదికి రెండు మూడు వేల మైళ్ళు తిరిగితే చాలామందికి అదే ఎక్కువ. చెయినుకు నూనె పెట్టడం, చక్రాలు తుడవడం వాళ్ళకు పని కాదు, సరదా. అలాంటి బండి ఏడాదికోసారి పరీక్షలో నెగ్గితే అందులో వింతేమీ లేదు. లండన్‌లో రాత్రీపగలూ తిండి పొట్లాలు మోసే 125 సీసీ స్కూటరు పక్కన దాన్ని నిలబెట్టి ఏది గట్టిదని తేల్చడం అన్యాయం.

మోడళ్ళ మధ్య పోలికకూ ఇదే చిక్కు ఉంది. యూరప్‌లో ఆర్6 రోడ్డు బైకుగా 1999 నుంచి 2020 దాకా అమ్ముడైంది. యూరో 5 ఉద్గార నిబంధనలు రాగానే ఆగిపోయింది, ఆ తర్వాత వచ్చింది ట్రాకు మీద మాత్రమే తిప్పే బండి. అందుకని పరీక్షకొచ్చే ఆర్6లలో మొదటి ఎంఓటీకి వచ్చే పసిబండి ఒక్కటీ ఉండదు. ఇప్పటికీ తయారవుతున్న మోడల్‌కు ఏటా కొత్త బళ్ళు వచ్చి చేరి సగటును పైకి లాగుతాయి. రెండింటి పాస్ శాతాలూ పక్కపక్కన పెట్టి యమహా కంటే ఫలానా కంపెనీ నయమనేస్తే మీరు పోల్చింది కంపెనీలను కాదు, వయసులను. ఒకే వయసు, ఒకే మైళ్ళు ఉన్నవాటిని పోల్చినప్పుడే ఆ అంకెకు విలువ. అప్పుడు కూడా జపాను నాలుగు కంపెనీల 600 సీసీ బళ్ళ మధ్య ఎంఓటీ కోసం నిద్ర మానుకునేంత తేడా ఉంటుందని నేననుకోను.

ఇంకో మెలిక కూడా ఉంది. పరీక్షలో తేలిగ్గా సరయ్యే లోపం బయటపడితే, గంటలోపు అక్కడికక్కడే సరిచేసి పాస్ రాయించుకోవచ్చు. బల్బు మార్చడం అలాంటిదే. కాబట్టి పాస్ శాతం అని ఎవరైనా చెబితే, సరిచేయకముందు లెక్కా, సరిచేశాక లెక్కా అని అడగండి.

పరీక్ష రోజు ముస్తాబు

స్పోర్ట్స్ బైకు కంపెనీలో తయారైనట్టే ఉంటే ఎంఓటీ తేలిగ్గానే దాటుతుంది. చిక్కంతా యజమాని చేయించే మార్పులతో. వెనక మడ్‌గార్డు పొడుగ్గా, వికారంగా ఉందని దాన్ని కోసేసి చిన్న బ్రాకెట్టు బిగిస్తారు. దాంతోపాటు వెనక ఉండాల్సిన ఎర్ర రిఫ్లెక్టర్ పోతుంది. అది లేకపోతే లోపమే. నంబర్ ప్లేటు చిన్నదైతే అందమని అరచేతి సైజుది పెడతారు. బైకు ప్లేటు మీద అక్షరం ఎత్తు 64 మిల్లీమీటర్లు, వెడల్పు 44 ఉండాలి. ఇరికించి రాసినా, అక్షరాల ఆకారం మార్చినా ఫెయిలు చేస్తారు. పోలీసుల జరిమానా వేరే. సన్నటి ఎల్ఈడీ ఇండికేటర్లు పెట్టి పాత రిలేను అలాగే వదిలేస్తే అవి పిచ్చిపట్టినట్టు కొట్టుకుంటాయి. నిమిషానికి 60కి తగ్గకుండా, 120కి మించకుండా వెలగాలన్నది నియమం. బైకులు ఫెయిలవడానికి కారణాల్లో ఏటా పైన ఉండేది లైట్లూ సిగ్నళ్ళే. ఇంజను కాదు, ఫ్రేము కాదు. రెండు పౌండ్ల బల్బు.

సైలెన్సరు సంగతి వేరే చెప్పాలి. దాని మీద "రోడ్డు మీద వాడరాదు", "రేసులకు మాత్రమే" అన్న అర్థం వచ్చే ముద్ర ఉంటే, అది ఎంత నెమ్మదిగా మోగినా ఫెయిలే. ముద్ర లేకపోయినా, అదే రకం బండికి కంపెనీ సైలెన్సరు చేసే చప్పుడు కంటే బాగా ఎక్కువ మోగితే టెస్టర్ ఒప్పుకోడు. ఇక్కడ మీటరేమీ ఉండదు, టెస్టర్ చెవే కొలమానం. అందుకే ఒక టెస్టర్ పాస్ చేసిన బండిని ఇంకొకరు వెనక్కి పంపడం జరుగుతుంది.

ఇవన్నీ తెలిసిన యజమానులు ఏం చేస్తారంటే, కంపెనీ సామాన్లను పెట్టెలో దాచి ఉంచుతారు. ఎంఓటీ ముందురోజు రాత్రి అసలు సైలెన్సరు, పెద్ద ప్లేటు, పొడుగు మడ్‌గార్డు మళ్ళీ ఎక్కుతాయి. పెళ్ళిచూపుల నాడు అబ్బాయి బుద్ధిమంతుడిలా కూర్చున్నట్టు, బైకు కూడా ఆ పూట బుద్ధిగా నిలబడి పాసైపోతుంది. ఇంటికెళ్ళాక దాని అవతారం మళ్ళీ మామూలే. సర్టిఫికెట్ ఆ పూట సంగతి మాత్రమే చెబుతుంది. ఆ సాయంత్రం బండి ఎలా ఉందో దానికి తెలియదు.

టెస్టర్‌కు కొన్ని హద్దులు కూడా ఉన్నాయి. అతను బండిని విప్పడు. నిలువెల్లా ఫెయిరింగ్ కప్పుకున్న స్పోర్ట్స్ బైకులో ఆ ప్లాస్టిక్ వెనక ఏముందో అతనికి కనిపించినంతే. ఇంజను, క్లచ్, గేరుబాక్సుల పరిస్థితి అసలు ఈ పరీక్షలోనే లేదు. రెండో గేరు జారుతున్నా, వాల్వు క్లియరెన్సులు ఏనాడూ చూడకపోయినా, ఆయిల్ తారులా నల్లగా ఉన్నా ఎంఓటీకి పట్టదు. స్పోర్ట్స్ బైకులో డబ్బు మింగేవి మాత్రం సరిగ్గా అవే. "పన్నెండు నెలల ఎంఓటీ ఉంది, దిగులు లేదు" అని అమ్మేవాడు ఊరిస్తే, దిగులుపడాల్సిన విషయాలన్నీ ఆ కాగితం బయటే ఉన్నాయని గుర్తుంచుకోండి.

టెస్టర్ నిజంగా పట్టుకునేవి

ఇంత చెప్పానని పరీక్షను తీసిపారేయొద్దు. ప్రాణాన్ని కాపాడే నాలుగు విషయాలను అది శ్రద్ధగా చూస్తుంది.

మొదటిది బ్రేకు. ఒక బ్రేకు కనీసం 30 శాతం, రెండోది కనీసం 25 శాతం సామర్థ్యం చూపాలి. స్పోర్ట్స్ బైకు ముందు డిస్కులకు ఈ అంకె పిల్లాట. అసలు జబ్బు బ్రేకు పడకపోవడం కాదు, పట్టింది వదలకపోవడం. బ్రిటన్‌లో చలికాలం మంచు గడ్డకట్టకుండా రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పునీళ్ళు కాలిపర్ పిస్టన్ల చుట్టూ చేరి తుప్పు పట్టిస్తాయి. లీవరు వదిలాక కూడా ప్యాడు డిస్కును రాస్తూనే ఉంటుంది. చక్రాన్ని గాల్లోకి లేపి చేత్తో తిప్పితే తెలిసిపోతుంది. మీరు ఇంట్లోనే చూసుకోవచ్చు: స్టాండు వేసి తిప్పండి, రెండు మూడు చుట్లు తేలిగ్గా తిరగాలి. తిరగకపోతే కాలిపర్లు విప్పి శుభ్రం చేయించాలి. ఎండాకాలం బండే అయినా ఏడాదికోసారి ఈ పని చేయించడం నా దృష్టిలో తప్పనిసరి.

రెండోది స్టీరింగ్. ముందు చక్రాన్ని నేల నుంచి లేపి హ్యాండిల్‌ను ఒక చివర నుంచి ఇంకో చివరకు మెల్లగా తిప్పుతారు. మధ్యలో ఎక్కడైనా టక్కుమని ఆగితే తల బేరింగు గుంట పడినట్టే. ముందు చక్రం గాల్లోకి లేపే విన్యాసాలు చేసిన బళ్ళకు ఇది తరచూ వచ్చే జబ్బు, చక్రం నేల మీద పడ్డ ప్రతిసారీ ఆ దెబ్బ బేరింగే తింటుంది. హ్యాండిల్ పూర్తిగా తిప్పినప్పుడు వేళ్ళు ట్యాంకుకూ ఫెయిరింగుకూ మధ్య ఇరుక్కోకూడదు. బయట కొన్న పొట్టి హ్యాండిళ్ళు బిగించినచోట ఇదే జరుగుతుంది.

సస్పెన్షన్ చూడటం మీకే చాలా తేలిక. ముందు ఫోర్కుల మెరిసే గొట్టం మీద నూనె వలయం కనబడిందంటే సీలు పోయినట్టు. కారుతుంటే ఫెయిలు. కారిన నూనె బ్రేకు ప్యాడ్ల మీద పడితే సంగతి ఫెయిలుతో ఆగదు. ప్యాడ్లు పారేసి కొత్తవి వేయించాలి.

టైర్ల దగ్గర కాస్త ఆగాలి. 50 సీసీ దాటిన బైకు టైరుకు వెడల్పులో నాలుగింట మూడొంతుల మేర, చుట్టూతా, కనీసం ఒక మిల్లీమీటరు లోతు గాడి ఉండాలి. మిగతా పావు వంతులో గాడి కంటికి కనిపిస్తే చాలు. కార్లకు ఇది 1.6 మిల్లీమీటర్లు. బైకుకు చట్టం ఇంత ఉదారంగా ఎందుకుందో నాకు ఇప్పటికీ మింగుడుపడదు, వానలో ఒక మిల్లీమీటరు గాడితో వంపు తిరగమంటే నేను తిరగను. మోటార్‌వే మీద నిటారుగా పరిగెత్తిన బండి టైరు నడిమి బల్లపరుపుగా అరుగుతుంది, ట్రాకుకెళ్ళిన బండి టైరు అంచులు కరిగినట్టు గరుకుగా అవుతాయి. అమ్మేవాడు "ఆఫీసుకు తప్ప ఎక్కడికీ తీసుకెళ్ళలేదు" అంటుంటే ఒకసారి ఆ అంచులు చూడండి. టైరు పక్కన బాణం గుర్తు ఉంటుంది, చక్రం తిరిగే దిశకు అది ఎదురుగా ఉంటే ఫెయిలు. రేసులకే తప్ప రోడ్డుకు పనికిరాదని ముద్ర ఉన్న టైరు కూడా చెల్లదు.

చెయినూ స్ప్రాకెట్లూ, చక్రాల బేరింగులూ, హారనూ, ఫుట్‌రెస్టులూ చూడటం షరా మామూలే. అక్కడ పెద్దగా వింతలుండవు.

పాత ఫలితాలు చదవడం

బ్రిటన్ ప్రభుత్వం చేసిన మంచి పనుల్లో ఒకటుంది. ఏ బండి నంబరైనా ప్రభుత్వ వెబ్‌సైట్‌లో కొడితే దాని ఎంఓటీ చరిత్ర పైసా ఖర్చు లేకుండా కనిపిస్తుంది. ఏ తేదీన పాసైంది, ఎందుకు ఫెయిలైంది, అప్పుడు మీటరు ఎన్ని మైళ్ళు చూపింది, అన్నీ ఉంటాయి. 2018 మే 20 నుంచి లోపాలను మూడు తరగతులుగా రాస్తున్నారు: ప్రమాదకరం, పెద్దది, చిన్నది. మొదటి రెండింటిలో ఏ ఒక్కటున్నా ఫెయిలు. ఇవి కాక సలహా అని ఒకటుంది. ఇప్పటికి పరవాలేదు, గమనిస్తూ ఉండు అని టెస్టర్ రాసే మాట అది.

నన్నడిగితే ఈ చరిత్రలో ఫెయిలైన పేజీల కంటే సలహాల పేజీలే విలువైనవి. ఫెయిలైతే ఎవరైనా బాగుచేయిస్తారు, లేకపోతే బండి కదలదు. సలహాకు బలవంతం లేదు. దాన్ని విన్నాడా, విననట్టు నటించాడా అన్నదాంట్లో యజమాని స్వభావమంతా బయటపడుతుంది.

ఉదాహరణకు రెండు బళ్ళు ఊహించుకోండి, రెండూ 2017 మే నెలలో రిజిస్టరైన ఆర్6లే. ఒకదానికి వరసగా మూడేళ్ళు "వెనక టైరు హద్దుకు చేరుతోంది", "ముందు బ్రేకు కొద్దిగా పట్టేస్తోంది", మళ్ళీ "ముందు బ్రేకు కొద్దిగా పట్టేస్తోంది" అని ఉంది. ప్రతిసారీ పాసే, ఒక్కసారి కూడా ఫెయిలు కాలేదు. రెండోది ఒక ఏడు ఫోర్కు సీలు కారి ఫెయిలై, రెండు రోజుల్లో మళ్ళీ వచ్చి పాసైంది. తర్వాతి ఏడు ఒక్క సలహా లేదు. పాస్ శాతం చూసేవాడు మొదటి బండి కొంటాడు. నేనైతే రెండోదే కొంటాను. మొదటి బండి యజమాని బ్రేకు గురించి ఒకే మాట రెండుసార్లు చెప్పించుకున్నాడు. బయటికి కనిపించే బ్రేకునే పట్టించుకోనివాడు ఇంజను ఆయిల్ వేళకు మార్చి ఉంటాడని నమ్మడం కష్టం.

మైళ్ళు కూడా వరసలో చదవండి. ఏటా మూడు వేలు పెరిగి ఒక ఏడు హఠాత్తుగా తగ్గితే మీటరు మార్చారని అర్థం, దానికి కాగితం అడగాలి. ఏడాదికి వంద మైళ్ళు కూడా తిరగని బండికి జబ్బులు లేవనుకోవద్దు. కదలకుండా నిలబడ్డ బండికి సీళ్ళు ఎండిపోతాయి, టైరు గట్టిపడుతుంది. తేదీల మధ్య ఖాళీ కనబడితే కూడా వెంటనే అనుమానించొద్దు: శీతాకాలానికి పక్కన పెట్టి ఉండొచ్చు. పైగా 2020లో కోవిడ్ వల్ల మార్చి 30 నుంచి జూలై ఆఖరుదాకా గడువు ముగిసేవాటికి ఆరు నెలలు పొడిగించారు. పైన చెప్పిన 2017 మే బండికి మొదటి ఎంఓటీ 2020 నవంబరులో కనబడితే అది యజమాని తప్పు కాదు.

ఈ చరిత్రలో దొరకనిది ప్రమాదాల సంగతి. ఇన్సూరెన్సు కంపెనీ తీసిపారేసిన బండి మళ్ళీ బాగుపడి ఎంఓటీ పాసవడం మామూలే. 2017 అక్టోబరు నుంచి ఫ్రేము దెబ్బతిన్నవాటిని ఎస్ అనీ, తినని వాటిని ఎన్ అనీ వర్గీకరిస్తున్నారు. అది తెలియాలంటే వేరే డబ్బు కట్టి చరిత్ర తీయించాలి. కంటితో చూడగలిగిన ఆనవాలు ఒకటి చెబుతాను. హ్యాండిల్‌ను ఒక పక్కకు పూర్తిగా తిప్పితే అది ఫ్రేము తల దగ్గర ఒక దిమ్మెకు ఆనుతుంది. ఆ దిమ్మె నలిగి ఉన్నా, విరిగి ఉన్నా, కొత్తగా రంగు వేసి ఉన్నా ఆ బండి గట్టిగా పడింది. ఫెయిరింగ్ ఎంత మెరుస్తున్నా సరే.

బండి మీదైనప్పుడు

ఎంఓటీ గడువుకు నెల ముందు, ఇంకా కచ్చితంగా చెప్పాలంటే నెలకు ఒక రోజు తక్కువగా, పరీక్ష చేయించుకుంటే పాత తేదీ పోదు, దాని మీదనే ఇంకో ఏడాది వస్తుంది. ఈ వెసులుబాటు చాలామంది వాడుకోరు. ఆఖరి రోజున పరుగెత్తితే బల్బు కోసమో బ్రేకు ప్యాడు కోసమో బండి అక్కడే ఆగిపోతుంది. వసంతం మొదట్లో గ్యారేజీల్లోంచి బైకులన్నీ ఒక్కసారిగా బయటికొస్తాయి, బైకులు చూసే కేంద్రాలు అసలే తక్కువ, ఆ రోజుల్లో తేదీ దొరకడమే గగనం.

ముందురోజు పావుగంట చాలు. తాళం తిప్పి ముందు బ్రేకు లీవరు నొక్కితే వెనక ఎర్ర లైటు వెలగాలి, వెనక బ్రేకు తొక్కితే మళ్ళీ వెలగాలి. రెంటికీ వేర్వేరు స్విచ్చులు, ఒకటి పనిచేస్తోందని రెండోదాన్ని నమ్మొద్దు. హెడ్‌లైటు గోడ మీద ఎక్కడ పడుతోందో చూడండి. సస్పెన్షన్ సర్దించుకున్నవాళ్ళకు అది పైకి లేచిపోయి ఉంటుంది. కొన్ని స్పోర్ట్స్ బైకులకు తక్కువ వెలుగులో ఒక పక్క దీపమే వెలుగుతుంది, అది లోపం కాదు, తయారీయే అంత. చెయిన్‌ను చేత్తో పైకీ కిందికీ ఆడించి చూడండి. బండి కడిగి తీసుకెళ్ళండి. మట్టి పట్టిన బండిని టెస్టర్ తిప్పి పంపే హక్కు అతనికుంది.

ఫెయిలైతే అక్కడే వదిలి బాగుచేయించుకుంటే పది పనిదినాల్లోపు పాక్షిక పునఃపరీక్షకు మళ్ళీ ఫీజు లేదు. ప్రమాదకరం అని రాసిన లోపంతో రోడ్డెక్కితే మాత్రం 2,500 పౌండ్ల దాకా జరిమానా, లైసెన్సు మీద మూడు పాయింట్లు. పాత ఎంఓటీ ఇంకా మిగిలి ఉందనే వాదన అక్కడ చెల్లదు.

సలహాలు రాసిన కాగితాన్ని ఇంటికి రాగానే సంచిలో పడేయకండి. అందులో రాసినవాటికి ఆ నెలలోనే డబ్బు పక్కన పెట్టండి. రేపు మీ బండి కొనబోయేవాడు కూడా ఆ చరిత్రే చదువుతాడు.

ఇక కొనేముందు చేయాల్సిన మొదటి పని. బండి చూడటానికి రైలెక్కకముందే అమ్మేవాణ్ణి నంబరు అడగండి. నంబర్ ప్లేటు చెరిపేసిన ఫొటోలే పంపుతూ, "వచ్చి చూడు బ్రో, చూస్తే నీకే తెలుస్తుంది" అంటున్నాడా? ఆ బైకు వదిలేయండి.